కుట్టుమిషను, కొలతల పుస్తకం, వీడియోలో షుగర్ డాక్టరు: నా అనుభవం

దేవరకొండ నుంచి డిండి వైపు వెళ్లే దారిలో మా ఊరు. ఇంట్లోనే మిషన్ కుడతాను. జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలు, పండుగలొస్తే ఆడపిల్లల గాగ్రాలు. షుగర్ బయటపడి ఎనిమిదేళ్లు దాటింది. ఇప్పుడు నా షుగర్‌ను ఎక్కువగా వీడియోలోనే డాక్టర్లు చూస్తున్నారు. మా ఊరి పల్లె దవాఖానలో కూర్చుని మాట్లాడతాను. "ఫోన్లో చూసి గోలీలు రాస్తే నీకు నమ్మకం ఎట్ల కుదిరింది?" అని మా వదిన దగ్గర్నుంచి గిరాకీల దాకా అందరూ అడుగుతుంటారు. ఒక్క మాటలో చెప్పి ఊరుకునే సంగతి కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఎట్లుండేదో చెప్పాలి. పరగడుపు రక్తం ఇవ్వాలంటే పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కాలి. దేవరకొండలో ల్యాబ్ తెరిచేదాకా కూర్చుని రక్తమిచ్చి, హోటల్లో ఇడ్లీ తిని, రెండు గంటలు ఆగి మళ్లీ ఇచ్చి, రిపోర్టు కోసం ఆగి, అది పట్టుకుని డాక్టర్ దగ్గర లైన్లో కూర్చోవాలి. నల్లగొండకే పోవాలంటే ఇంకా 60 కిలోమీటర్ల దాకా. ఆ రోజు కుట్టుకూలి పోయినట్టే. ఇంత చేసి లోపలికి పోతే డాక్టర్ కాగితం మీది రెండు అంకెలు చూసి, ఎక్కువుంటే గోలీ పెంచేవారు. ఆయనను అనడానికి లేదు. బయట జనం కిక్కిరిసి ఉన్నారు, ఆయన ముందున్నవి ఆ రెండు అంకెలే. పైగా అవి నేను మిషన్ మీద కూర్చోని రోజువి, ఆకలితో బస్సులో ఊగిన రోజువి. మామూలు రోజు నా ఒంట్లో షుగర్ ఎట్ల ఉంటుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

కరోనా వచ్చి బస్సులు బందయినప్పుడు ఈ వీడియో వైద్యం సంగతి మొదటిసారి విన్నాను. 2020 మార్చి 25న కేంద్రం టెలీమెడిసిన్‌కు మార్గదర్శకాలు ఇచ్చింది. ఏప్రిల్‌లో ఈ-సంజీవని ఓపీడీ మొదలైంది. మొహాలీలోని సీ-డాక్ అనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ తయారు చేసిన సర్కారు సేవ ఇది, డాక్టర్ ఫీజు ఉండదు. రెండు దారులున్నాయి. ఇంట్లో మన ఫోన్లోనే నంబరు కొట్టి, ఓటీపీ పెట్టి, టోకెన్ తీసుకుని డాక్టర్‌తో మాట్లాడొచ్చు. లేదంటే ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి పోతే అక్కడి సిబ్బంది పెద్ద దవాఖాన డాక్టర్‌తో కలుపుతారు. నేను రెండో దారి పట్టాను. అక్కడ బీపీ మిషన్ ఉంటుంది, బరువు చూస్తారు, డాక్టర్ చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ విడమరిచి చెప్పే మనిషి పక్కనుంటుంది. నా మాటను నమ్మండి, ఆ పక్కనున్న మనిషితోనే సగం వైద్యం. షుగర్ గురించి ఏమీ తెలియని ముసలివాళ్లను ఒంటరిగా ఫోన్ ముందు కూర్చోబెట్టి "మాట్లాడు" అంటే ఏం మాట్లాడతారు?

మొదటిరోజు సిస్టర్ ట్యాబ్‌ను బీపీ మిషన్ డబ్బాకు ఆనించి నిలబెట్టింది. "అక్కా, డాక్టరమ్మతో వీడియోలో మాట్లాడడం నీకు ఇష్టమేనా? నీ రిపోర్టులు పంపొచ్చా?" అని అడిగింది. ఇదేందని చూస్తే, అట్ల అడిగి ఒప్పుకుంటేనే కలపాలట, రూలే అది. స్క్రీన్ మీద ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు చెప్పింది. చివర్లో వచ్చిన మందుచీటీ మీద ఆమె పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రెండూ ఉన్నాయి. మీరు ఎవరితో మాట్లాడినా ఈ నంబరు చూసుకోండి. ఫోన్లో షుగర్ మాయం చేస్తామని చూర్ణాలు అమ్మేవాళ్లు చాలామంది తిరుగుతున్నారు, వాళ్ల కాగితం మీద ఆ నంబరు ఉండదు.

ఆ రోజు నేను సిస్టర్‌ను తలుపు వేయమన్నాను. నాకు చాన్నాళ్లుగా లోపల దురద, మంట. దేవరకొండలో పది మంది మగవాళ్ల మధ్య, తెర కూడా లేని గదిలో ఆ మాట నోటికి రాలేదు. డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ఏమీ వింతగా చూడలేదు. "షుగర్ ఎక్కువున్నప్పుడు ఆ భాగంలో ఫంగస్ తొందరగా పడుతుందమ్మా, మందు ఇస్తాను, కానీ షుగర్ దిగకపోతే మళ్లీ మళ్లీ వస్తుంది" అంది. ఇన్నేళ్లలో నా బాధకూ నా షుగర్‌కూ ఉన్న సంబంధం ఎవరో చెప్పడం అదే మొదలు. ఆడవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ ఒక్క దానికోసమైనా తలుపు వేయించుకుని డాక్టర్‌తో మాట్లాడండి.

అప్పుడు నా మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 9.4 ఉంది. చాలామందికి 7 లోపు ఉండాలంటారు. పెద్ద వయసువాళ్లకు, వేరే జబ్బులున్నవాళ్లకు డాక్టర్లు కొంచెం సడలిస్తారు. మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, పొద్దున పరగడుపున గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. డాక్టరమ్మ గోలీ మార్చలేదు. "మధ్యలో ఎప్పుడైనా చూసుకున్నారా? ఏ టైముకు ఎంతుందో తెలియకుండా నేను మందు పెంచను" అంది. షుగర్ మిషన్ కొనుక్కోమంది, పుస్తకం పెట్టమంది.

పుస్తకం నా దగ్గర ఎప్పుడూ ఉండేదే. గిరాకీల కొలతలు రాసే పుస్తకాన్నే తిప్పి వెనక నుంచి మొదలుపెట్టాను. ముందునుంచి తెరిస్తే ఛాతీ, నడుము, చంక, చేతి పొడవు. వెనకనుంచి తెరిస్తే నా షుగర్. తారీఖు, టైము, ఏం తిన్నాను, గోలీ ఎప్పుడు వేసుకున్నాను, అంకె ఎంత, ఒంట్లో ఎట్లుంది. ఈ చివరి గడి డాక్టరమ్మ గట్టిగా చెప్పి రాయించింది. ఆఖరికి పనికొచ్చింది కూడా అదే.

షుగర్ మిషన్ ఒకసారి కొంటే అయిపోతుంది. ఖర్చంతా దాంట్లో రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్పులది. ఒక్క స్ట్రిప్పు ధరలో పాల ప్యాకెట్ వస్తుంది. రోజుకు నాలుగుసార్లు చూసుకోవడం మావల్ల అయ్యేది కాదని చెప్పాను. అప్పుడామె వారానికి కొన్ని రోజులు, జోడీగా చూసుకోమంది. అంటే ఒక పూట ఎంచుకుని, అన్నానికి ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఇంకోసారి. ఇంకో రోజు ఇంకో పూట. ఒంట్లో ఏదన్నా తేడా అనిపిస్తే అప్పుడు ఎట్లాగూ చూడాలి. తినకముందు 80 నుంచి 130 మధ్య, తిన్నాక 180 లోపు ఉండాలని పుస్తకం అట్ట మీద రాసిపెట్టుకున్నాను. పొడవడం కూడా వేలి కొన మీద కాదు, పక్కన. కొన మీద పొడిస్తే నొప్పి ఎక్కువ, సూది పట్టే వేలికి అది కుదరదు. నేను ఎడమచేతి ఉంగరపు వేలి పక్కనే పొడుచుకుంటాను. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి, గాలి తేమ తగిలితే అంకె తప్పుతుంది.

దసరా ముందు మాకు ఊపిరాడదు. బతుకమ్మకు కొత్త జాకెట్ లేకుండా ఏ ఆడపిల్లా బయటికి రాదు. పొద్దున ఐదింటికి లేచి గోలీ వేసుకుని, చాయ్ తాగి, మిషన్ మీద కూర్చుంటే మొదటి ముద్ద నోట్లోకి పోయేది పదకొండు దాటాకే. ఒకరోజు కత్తెర పట్టుకుని గుడ్డ కోస్తుంటే చెయ్యి వణికింది. చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది, గీసిన గీత రెండుగా కనిపించింది. ఇదివరకూ అట్ల అవుతుండేది, నిద్ర చాలక అని అందరూ అనేవాళ్లు. ఈసారి షుగర్ మిషన్ ఉంది కాబట్టి చూస్తే 58. షుగర్ పెరిగే జబ్బు ఉన్న మనిషికి షుగర్ పడిపోవడమేందని భయమేసింది. ఆశక్కకు ఫోన్ చేస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలు పక్కనే కూర్చుని మళ్లీ చూసింది. 70 దాటితేగానీ కదలనివ్వలేదు. ఆ తర్వాత అన్నం తినిపించింది.

ఆ వారం పేజీలను సిస్టర్ ఫొటో తీసి, వీడియోకు ముందే రిపోర్టుల్లో పెట్టింది. ఈసారి వచ్చింది వేరే డాక్టరు, ఒక సారు. ఆయన ఆ పేజీలను చదివారు. నిజంగా చదివారు. "అమ్మా, మీకు పదకొండు గంటల ప్రాంతంలో పడిపోతోంది, రాత్రి భోజనం తర్వాత 270, 280 పోతోంది. పొద్దున గోలీ వేసుకుని తినడం లేదు కదా" అన్నారు. గ్లిమెపిరైడ్ మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోస్తుందట. కడుపు ఖాళీగా ఉంటే రక్తంలో ఉన్న చక్కెర పడిపోతుంది. అట్ల పడిపోయినప్పుడు ఆకలి ఆగక రాత్రి ఎక్కువ తింటాం, అది పైకి పోతుంది. లైన్లో నిలబడి చూపించుకున్న రోజుల్లో, పైకి పోయిన అంకె మాత్రమే కాగితం మీదికి వచ్చేది. దానికి మందు పెంచితే పదకొండు గంటలకు ఇంకా కిందికి పోయేది. ఏళ్లతరబడి ఇదే నడిచింది. నన్ను నమ్మించింది ఇది. వీడియోలో ఉన్న సారుకు నా నాడి చేతికి తగలలేదు, కానీ నా వారం రోజులు ఆయన కళ్ల ముందున్నాయి.

గ్లిమెపిరైడ్ సగానికి తగ్గించి, టిఫిన్‌కు కొంచెం ముందు మాత్రమే వేసుకోమన్నారు, తినడం కుదరని పూట వేసుకోవద్దన్నారు. ఇది మీ డాక్టర్‌ను అడగకుండా మీరు చేయొద్దు, నాకు చెప్పింది నాకు. మెట్‌ఫార్మిన్ పెంచేముందు కిడ్నీ చూడాలని క్రియాటినిన్ అనే రక్త పరీక్ష రాశారు. మా దగ్గర పీహెచ్‌సీలో రక్తం తీసి నల్లగొండలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌కు పంపుతారు, రిపోర్టు ఫోన్‌కే వస్తుంది, పైసా అక్కర్లేదు. అది బాగుందని తేలాక మెట్‌ఫార్మిన్ పెంచారు, సిటాగ్లిప్టిన్ అనే ఇంకో షుగర్ గోలీ జోడించారు. దీని మీద కనిపెట్టిన కంపెనీకి ఉన్న హక్కు, అదే పేటెంటు, 2022లో ముగిసింది. అంతకుముందు మాలాంటి వాళ్లు ముట్టుకోలేని ధర ఉండేదట. ఇప్పుడు జన ఔషధి దుకాణంలో తెచ్చుకోగలుగుతున్నాను.

మొదటి మూడు నెలలకు 8.1, తర్వాత 7.2. పదకొండు గంటల వణుకు మళ్లీ రాలేదు.

తిండి సంగతి. షుగర్ ఉంటే జొన్నరొట్టె ఎన్నైనా తినొచ్చని మా పక్క గట్టి నమ్మకం. అన్నం మానేసి నాలుగు రొట్టెలు తినేవాళ్లున్నారు. జోడీగా చూసుకుంటే నాకు తెలిసింది, రెండు రొట్టెలతో పప్పుకూర, పచ్చి ఉల్లిగడ్డ తిన్నప్పుడు పెరుగుదల తక్కువ. నాలుగు తింటే అన్నం తిన్నంతే. జొన్నలోనూ పిండి పదార్థమే కదా. ఒక డాక్టరు ఓట్స్ తినమన్నారు. "సారూ, మా ఊళ్లో దొరకవు, దొరికినా నాకు వద్దు" అంటే, సరే అయితే అన్నం ఎంత పెడతారో గిన్నె చూపించమన్నారు. చూపించాను. దాంట్లో సగం అన్నం, మిగతా సగం కూర పెట్టుకోమన్నారు. అన్నం మానమనలేదు కాబట్టే ఇప్పటికీ ఆ మాట మీదున్నాను.

బత్తాయి సీజన్‌లో ఇంకోటి జరిగింది. నల్లగొండ జిల్లాలో బత్తాయికి కొదవా? తోటల వాళ్లు బట్టలు తీసుకుపోవడానికి వస్తూ సంచెడు తెచ్చి పెడతారు. ఒక సాయంత్రం అంకె 312 వచ్చింది. ఆ పూట ఏమీ తినలేదు. టెన్షన్‌తో మరునాడు దవాఖానకు పోయాను. వీడియోలో ఉన్న డాక్టరమ్మ పుస్తకం చూసి, "పొడిచే ముందు పండేదైనా ఒలిచారా?" అంది. మనవడికి బత్తాయి ఒలిచి తొనలు తీసి పెట్టాను. వేలికి అంటిన రసంలోని చక్కెరే రక్తపు చుక్కలో కలిసిందట. సబ్బుతో కడిగి తుడుచుకుని చూడమంటే అక్కడే చూశాం, 164. ఆ 312ను నమ్మి ఎవరన్నా గోలీ పెంచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే. శానిటైజర్ రాసుకుని తడి ఆరకముందు పొడిచినా అంకె తప్పొచ్చని చెప్పింది.

వీడియో చేయలేనిది కూడా ఉంది, అది దాచిపెడితే ఈ రాత దండగ. షుగర్ దిగడం మొదలైన కొత్తలో సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. ఉన్న అద్దాలు సరిపోలేదు. కొత్తవి చేయిద్దామనుకుంటుంటే డాక్టరు ఆగమన్నారు. షుగర్ పైకి కిందికి మారుతున్నప్పుడు కంటిలోని కటకం ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, నిలకడ వచ్చాక అద్దాలు చూపించుకోండి అన్నారు. నిజంగానే కొన్ని వారాలకు పాత అద్దాలే సరిపోయాయి. "కానీ కంటి లోపలి రెటీనా మాత్రం నేను ఇక్కణ్నుంచి చూడలేను, కాళ్లూ చూడలేను. ఏడాదికోసారి ఈ రెండూ, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అన్న పరీక్ష చేయించుకోవాల్సిందే" అని ఆ సారే నన్ను నల్లగొండకు పంపారు. కంట్లో చుక్కలు వేస్తారు, ఆ పూటంతా మసక, కాబట్టి తోడు మనిషితో పోండి. రెటీనా బాగానే ఉందన్నారు.

కాళ్ల పరీక్షే మరిచిపోలేను. కళ్లు మూసుకోమన్నారు. సన్నటి నైలాన్ దారం ముక్కను ఒక పుల్లకు బిగించి, అది వంగేదాకా అరికాలి మీద అక్కడక్కడా ఆనిస్తారు. తగిలినప్పుడు తగిలిందని చెప్పాలి. ఎడమ కాలికి అన్నీ చెప్పాను. కుడి కాలికి మధ్యలో నిశ్శబ్దమైంది. కళ్లు తెరిచి చూస్తే దారం నా బొటనవేలి కింద ఆని వంగి ఉంది. నాకు తెలియనే లేదు. దారంతోనే బతికే మనిషిని నేను. మిషన్ పెడల్ తొక్కేది ఆ కాలితోనే. అప్పటినుంచి రోజూ రాత్రి అరికాలు చూసుకుంటాను, ఆ మూలకు కనిపించకపోతే కింద అద్దం పెట్టుకుంటాను. గది నిండా సూదులు, గుండుసూదులు రాలే ఇల్లు మాది, ఇంట్లోనూ చెప్పులతోనే ఉంటాను. మెత్తటి చెప్పులు కొన్నాను. ఇది వీడియోలో బయటపడేది కాదు. కానీ వీడియోలో ఉన్న డాక్టరు పట్టుబట్టకపోతే నేను ఆ గదికి పోయేదాన్నీ కాదు.

వీడియోకు పోయేవాళ్లు కొన్ని సిద్ధం చేసుకోవాలి. ప్రతిసారీ పాత డాక్టరే రావాలని లేదు, వరుసలో ఎవరుంటే వాళ్లు వస్తారు. అందుకే ఒక కాగితం మీద వయసు, షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, వేసుకునే గోలీల పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, పోయినసారి హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, ఏ మందు పడదు అన్నవి రాసి పెట్టుకున్నాను. సిగ్నల్ పోతే ఆ కాగితం ఫొటో ఒక్కటే మిగులుతుంది. గోలీల ఖాళీ అట్టలు సంచిలో పడేసుకుని పోండి, "తెల్ల గోలీ, పసుపు గోలీ" అంటే ఎవరికీ తెలియదు. గుండెల్లో నొప్పి వచ్చినా, కాలికి పుండు పడి వాసన వచ్చినా, వాంతులతో షుగర్ బాగా పెరిగి మనిషి మగతగా ఉన్నా వీడియో కోసం కూర్చోవద్దు. 108కు ఫోన్ చేయండి.

హైదరాబాద్‌లో ఉండి అమ్మానాన్నలకు ఫోన్ చేసే పిల్లలు "షుగర్ ఎంతుంది?" అని అడుగుతారు. ఎంత అని కాదు, ఎప్పుడు చూశారు, ఏం తిన్నాక చూశారు, గోలీ ఎన్నింటికి వేసుకున్నారు అని అడగండి. మా తండాలో ఒక అవ్వకు వాళ్ల కొడుకు కూకట్‌పల్లి నుంచి రోజూ ఫోన్ చేసి ఈ నాలుగూ అడిగి తనే రాసుకుంటాడు. అవ్వ దవాఖానకు పోయినప్పుడు సిస్టర్ ఫోన్‌కు పంపుతాడు. చదువురాని మనిషికీ ఇట్ల పుస్తకం ఉండొచ్చు.

నాకు ఇంకా కావాల్సింది స్ట్రిప్పులు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ దవాఖానలో ఊరికే ఇస్తున్నారు, రక్త పరీక్ష ఊరికే చేస్తున్నారు, డాక్టర్ ఊరికే మాట్లాడుతున్నారు. ఆ డాక్టర్ చూడాల్సిన అంకెలకు మాత్రం మా చీర కొంగు ముడి విప్పాలి. అందరికీ కాకపోయినా, గ్లిమెపిరైడ్ లాంటి గోలీలు వాడేవాళ్లకు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు నెలకో డబ్బా ఇస్తే పదకొండు గంటలకు పడిపోయేవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. ఆ నైలాన్ దారం పరీక్షకు మిషన్లు, కరెంటు ఏమీ అక్కర్లేదు, నేర్పిస్తే మా సిస్టరే చేస్తుంది. ఈ రెండూ రాసి మా వీధి ఆడవాళ్లం కలిసి సంతకాలు పెడుతున్నాం. మా మండలంలో షుగర్ ఉన్నవాళ్లు ఎవరైనా కలవాలనుకుంటే మంగళవారం పల్లె దవాఖాన దగ్గరికి రండి, నేను అక్కడే ఉంటాను.